చెవిలో ఆవిడ

మొగుడి చెవిలో గులిమి తీయడం కూడా ఒక ఉద్యోగమేనని పెళ్లికి ముందు ఆమెకి ఎవరూ చెప్పలేదు. అదీ నేరుగా చెవిలోంచి కాదు, చెవిలో పెట్టుకునే బఠాణీ గింజంత స్పీకరులోంచి. కార్యక్రమం అయిన మర్నాడు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని, సూదిమొనతో సందుల్లో పేరుకున్న మైనం తీసి, దూదితో స్పిరిట్ అద్ది, ఆరబెట్టి డబ్బీలో పెట్టాలి. వసంతకాలం వచ్చిందంటే ఈ పని రోజూ ఉంటుంది. చలి వదలగానే ఒళ్లు విరుచుకోవడం ఆ నగరానికి అలవాటు. దీపస్తంభాలన్నిటికీ పోస్టర్లు మొలుస్తాయి. ఒకచోట పూల ప్రదర్శన, పాత స్టేషన్ షెడ్డులో పుస్తకాల సంత, చౌరస్తాలో ఆరుబయట సినిమా, పేటపేటకీ ఒక పాటల బృందం. ఎక్కడ నలుగురు పోగైనా మధ్యలో మైకు పట్టుకుని ఆమె మొగుడు ఉండాల్సిందే. ఊరంతా ఆయన్ని మైకు మారాజు అంటుంది.

"వాసనొస్తోందే ఇది," అన్నాడు మారాజు ఆ పొద్దున, గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే.

"అది మీ చెవి వాసనండీ."

"అందుకే సరిగ్గా కడగమంటున్నా."

ఆమె నవ్వలేదు. కానీ బుర్రలో ఒక మూల ఆ మాట దానంతటదే జోకుగా మారిపోయింది. 'మా ఆవిడ నా చెవి శుభ్రం చేస్తుందండీ రోజూ. ఎందుకంటే పొద్దున్నుంచి తిట్టినవన్నీ అందులోనే పేరుకుపోతాయి కదా.' సాయంత్రానికి పనికొస్తుంది. హాలంతా నవ్వుతుంది. తన మీద తనే జోకు కట్టి మొగుడి నోట్లో పెట్టడం ఎంత అలవాటైపోయిందంటే, ఇప్పుడు ఎవరైనా అవమానం చేస్తే ముందు ఏడుపు రాదు, చప్పట్లు ఎక్కడ పడతాయో కనిపిస్తుంది.

ఇదంతా ఒక మర్చిపోయిన పేరుతో మొదలైంది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో, ఏదో సభలో ముఖ్య అతిథి పేరు గుర్తురాక ఆయన నిలువునా చెమట పట్టిపోతుంటే, పక్క తెర చాటున నిలబడ్డ ఆమె మెల్లిగా అందించింది. మర్నాడు పేర్లన్నీ ఆమే. ఆ తర్వాత పరిచయాలు, ఆ తర్వాత జోకులు, చివరికి 'అందరికీ శుభ సాయంత్రం' కూడా ఆమే. సౌండు సిస్టం నడిపే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పొద్దస్తమానం 'టెస్టింగ్, టెస్టింగ్' అంటుంటాడని అందరూ టెస్టింగ్ బాబాయ్ అనేవాళ్లు. ఆయనే ఈ చెవి స్పీకరు తెచ్చి ఇచ్చాడు. అప్పట్నుంచి ఆమె చోటు తెర వెనక ప్లాస్టిక్ కుర్చీ. చేతిలో చిన్న మైకు, దానికో మీట. ఆయన చెవి దగ్గర వేలు పెట్టుకున్నాడంటే మాట కావాలని గుర్తు. ఆమె బొటనవేలు మీట నొక్కుతుంది. ఆమె నోట్లో మాట పూర్తయ్యేలోపే ఆయన నోట్లో మొదలవుతుంది.

"నువ్వు చెప్పేదాని గురించి ఆలోచించానంటే ఆలస్యమైపోతుందే," అని ఆయనే చెప్పాడు ఒకసారి, గొప్పగా. "చెవిలో పడటం, నోట్లోంచి రావడం. మధ్యలో బుర్ర అడ్డు రాకూడదు. అదీ సాధన."

అదే చెవికి ఇంట్లో మాత్రం ఏదీ పట్టేది కాదు. గ్యాసు అయిపోయిందని మూడుసార్లు చెప్పాలి. తనకి జ్వరం వచ్చిందని చెబితే, "ఊఁ" అని, ఆ తర్వాతి వారం "ఏమైంది, చిక్కిపోయావ్?" అని అడిగేవాడు.

అత్తగారి లెక్క వేరు. "నా కొడుకు గంటలకొద్దీ నిలబడి గొంతు చించుకుంటాడు. నీకేం తల్లీ, నీడపట్టున కుర్చీ వేసి కూచోబెడతారు," అనేది ఆవిడ, మందుబిళ్ల కోసం చెయ్యి చాపుతూ. ఇక సభలయ్యాక తెర వెనక్కి వచ్చే ఆడవాళ్ల లెక్క ఇంకోటి. "అబ్బ, ఏం మనిషండీ మీ ఆయన! ఇల్లంతా నవ్వులేనేమో! పెట్టి పుట్టారు మీరు." ఆమె తల ఊపేది. ఇంట్లో ఆయన నవ్వడం ఆమె ఎప్పుడు చూసిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, దొరక్క, మళ్లీ తల ఊపేది.

అలాంటి ఆమె జీవితంలోకి మొన్న ఒక మాట వచ్చి పడింది.

వసంత ఉత్సవాల మేనేజరు ఒకావిడ. పొట్టి జుట్టు, పెద్ద అంగలు, ఫోను ఎప్పుడూ భుజానికీ చెవికీ మధ్య. రిహార్సల్ రోజున ఆవిడ తిన్నగా ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని నేలమీదే కూర్చుంది.

"బాబాయ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పావుగంట విన్నానండీ మిమ్మల్ని," అంది. "ఇన్నేళ్లుగా మేం ఎవరికో చప్పట్లు కొడుతున్నాం. సరే, అది మీ ఇంటి సంగతి, నాకెందుకు. నది ఒడ్డు పార్కులో చిన్న వేదిక ఉంది చూశారా? అక్కడ రోజూ సాయంత్రం అయిదింటికి కథలు. ఈ వసంతమంతా. చెప్పేవాళ్లు వస్తారు, వినేవాళ్లు వస్తారు, మధ్యలో నడిపే మనిషి కావాలి. మీరు రండి. చెవిలో ఏమీ లేకుండా, మీ పేరుతో."

ఆమె చేతిలో మైకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి," అంది మేనేజరు లేస్తూ. "ప్రారంభోత్సవం రోజుకి తేలిపోవాలి. మర్నాటి నుంచే మొదలు."

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. మారాజు నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగి, నవ్వాడు. స్టేజీ మీద నవ్వే నవ్వు కాదు, అసలుది.

"నువ్వా? మైకు చూస్తే కాళ్లు వణికే మనిషివి నువ్వు!"

ఆ వణుకు సంగతి ఆయన అందరికీ చెబుతాడు. అదెలా మొదలైందో మాత్రం చెప్పడు. పెళ్లయిన రెండో ఏడు, ఆయన స్నేహితుల సభలో ఎవరో సరదాగా ఆమెకి మైకు ఇచ్చారు. ఆమె మాట్లాడింది. బాగా మాట్లాడింది కూడా. ముందు వరసలో ఒక ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం ఆమెకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. సరిగ్గా ఆ వాక్యం మధ్యలో మొగుడు లేచి చప్పట్లు కొట్టాడు. "చాలు చాలు, ఇంటికి కాస్త మిగుల్చు!" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కాళ్లు అప్పుడు వణికాయి, దిగుతుంటే. సగంలో ఆగిన ఆ వాక్యం ఏమిటో ఆ తర్వాత ఎంత వెతుక్కున్నా ఆమెకి దొరకలేదు.

"మరి వాడి చెవిలో ఎవరు మాట్లాడతారు? నేనా?" అంది అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే. తెర వెనక ఆమె చేసేది కూడా ఒక పనేనని ఆ పెద్దావిడ ఒప్పుకున్నది ఇన్నేళ్లలో ఆ ఒక్కసారే.

"సరేలే అమ్మా, తొందరేముంది, ఆలోచిద్దాం," అన్నాడు మారాజు చెయ్యి కడుక్కుంటూ. "అన్నట్టు ఆ నీలం కోటు గుండీ ఊడింది. ప్రారంభోత్సవానికి అదే వేస్తా."

ఆమె గుండీ కుట్టింది. కుడుతూనే నిర్ణయించుకుంది. ఒప్పుకుంటుంది. మేనేజరుకి తనే, తన నోటితో చెబుతుంది.

ప్రారంభోత్సవం సాయంత్రం టౌను హాలు కిటకిటలాడిపోయింది. కిటికీల బయట చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి, లోపల అందరి కోట్లూ కుర్చీల వీపుల మీద వేలాడుతున్నాయి. ఆమె తెర సందులోంచి మేనేజరు కోసం చూస్తోంది. కుర్చీలోంచి లేవడానికి లేదు. ఆయన వేలు ఏ క్షణాన చెవి దగ్గరికి పోతుందో తెలీదు. పక్కనే సౌండు బల్ల దగ్గర టెస్టింగ్ బాబాయ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏవో మీటలు జరుపుతున్నాడు. చెవి గులిమి జోకు పేలింది. హాలు ఊగిపోయింది. ఎక్కడో వెనక వరసలో ఒకావిడ నవ్వలేక దగ్గుతోంది.

తర్వాత ఇంద్రజాలికుడు వచ్చాడు. కత్తులు దూర్చే పెట్టె ఒకటి తోసుకొచ్చి, "ఇందులో తలపెట్టే ధైర్యం ఎవరికుంది?" అని మారాజు వైపు తిరిగాడు. మారాజు ఒకడుగు వెనక్కి వేశాడు. వేలు చెవి దగ్గరికి పోయింది. మాట కావాలి.

అలవాటు కొద్దీ ఆమె బొటనవేలు మీట నొక్కింది. సరిగ్గా అప్పుడే మేనేజరు భుజం తట్టింది.

"ఫర్వాలేదండీ, నేనేం అనుకోలేదు," అంది ఆవిడ, ఆమె చేతిలోని మైకుకి అందనంత గుసగుసగా. "మీ వారు నిన్న పొద్దున్నే ఫోన్ చేశారు. స్టేజీ అంటే మీకు భయమటగా, రాత్రంతా ఏడ్చారటగా. ముందే చెప్పేస్తే నేను ఇబ్బంది పెట్టేదాన్నే కాదు."

ఆమెకి ఒళ్లంతా ఒక్కసారి భగ్గుమంది. "నాకు భయమని ఎవరు చెప్పారండీ?" అంది.

తెర అవతల, హాలంతా మారుమోగేలా, నిండుగా, ధీమాగా, మారాజు గొంతు పలికింది. "నాకు భయమని ఎవరు చెప్పారండీ?"

జనం ఈలలు వేశారు. "భయం లేదుగా? అయితే రండి మరి!" అని ఇంద్రజాలికుడు ఆయన మెడ పట్టి పెట్టెలోకి దూర్చేశాడు. నీలం కోటు మీద పెట్టె, పెట్టె కిటికీలోంచి ముఖం. ఆ ముఖంలో నవ్వు మాత్రం చెదరలేదు. ఆ మాట తనెందుకు అన్నాడో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆమె బొటనవేలు ఇంకా మీట మీదే బిగుసుకుని ఉంది. "వస్తాను" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అన్నానంటే అదీ స్టేజీ మీదనుంచే వినపడుతుందేమోనని. మేనేజరు స్టేజీ వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఏదో అనబోయింది. అంతలో మేయరు కారు వచ్చిందంటూ ఎవరో పరుగున వచ్చి ఆవిడని లాక్కుపోయారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "విరామం రాగానే ఇంకొకాయనకి ఫోన్ చేసేస్తా. ఈలోపు ఏదో ఒకటి తేల్చండి!" అంది.

ఈలోపు ఎలా? ఆవిడ కూర్చునేది ముందు వరసలో, మేయరు పక్కన. తను లేస్తే స్టేజీ మీద మనిషి మూగవాడైపోతాడు. విరామం దాకా కదలకూడదు. విరామం వచ్చాక కదిలి లాభం లేదు.

మేయరు మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతిలోని మైకునే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లుగా పట్టుకుంటున్నదే, కానీ ఇవాళ బరువు వేరేగా ఉంది. ఏం చెబితే అది అంటాడు. ఆలోచించడు, తడుముకోడు, ఏం చెబితే అది. 'నా సొంత మాట ఒక్కటి కూడా నాకు లేదు' అని చెబితే, చేతులు చాచి, గొంతు ఎత్తి, అదే అంటాడు. 'నా పెళ్లాం రాత్రంతా ఏడ్చిందని నేను అబద్ధమాడాను. నిజానికి ఆవిడ గుండీ కుట్టి పడుకుంది. నేనే నిద్రపోలేదు' అని చెబితే అదీ అంటాడు. మేయరు గారి గురించి మొగుడు కారులో వాగే మాటలన్నీ ఇప్పుడు ఒక్కసారి చెవిలో పోస్తే చాలు, రేపటి నుంచి ఈ నగరంలో ఏ పూల ప్రదర్శనకీ ఆయన్ని పిలిచేవాడుండడు. ఒక్క వాక్యం. ఇల్లూ, ఆయన పేరూ, అత్తగారి గొప్పా అన్నీ ఆ వాక్యంతో సరి. నాలుక చివర దురద పెట్టింది. ఇంత తీపి కోరిక ఆమెకి ఈ మధ్య ఏ విషయంలోనూ కలగలేదు. కానీ చిత్రం, అంత కోపంలోనూ ఆమె తెలివి తన పని తాను చేసుకుపోతోంది. ఆయన్ని పడగొట్టే వాక్యానికి కూడా ఊపు కోసం మాటలు అటూ ఇటూ మారుస్తోంది, ఎక్కడ ఆపితే హాలు నిశ్శబ్దమవుతుందో చూసుకుంటోంది. అది గమనించగానే ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. ఆఖరికి పగ కూడా ఈయన నోటితోనే తీర్చుకోవాలా? అదీ ఆయన ఖాతాలోకే పోదూ? మర్నాడు పేపర్లో 'మైకు మారాజు సంచలనం' అని రాస్తారు. తన పేరు అందులోనూ ఉండదు.

టెస్టింగ్ బాబాయ్ ఆమె ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. మేనేజరుకి ఆమె ఇచ్చిన జవాబు ఆయన హెడ్‌ఫోన్స్‌లోనూ పడింది మరి.

"అమ్మా, నేనిప్పుడు ఈ హెడ్‌ఫోన్స్ తీసేస్తున్నా," అన్నాడు. "కాస్త చెవి నొప్పి. తమరేం చెప్పినా నేను విన్లేదు."

చప్పట్లు. మేయరు కూర్చున్నాడు. విరామానికి ముందు ఇక మిగిలింది ఒక్కటే, రాబోయే కార్యక్రమాల ప్రకటన. మారాజు వేలు చెవి దగ్గరికి పోయింది.

ఆమె మీట నొక్కింది.

"ఆదివారం పొద్దున, ఊరి తోటలో పూల ప్రదర్శన."

"ఆదివారం పొద్దున, ఊరి తోటలో పూల ప్రదర్శన!" అన్నాడు మారాజు, పూలు తనే పూయించినట్టు.

"పాత స్టేషన్ షెడ్డులో పుస్తకాల సంత. పాత పుస్తకం తెచ్చిన వాళ్లకి ఒక టీ ఉచితం, చదివి తెచ్చిన వాళ్లకి రెండు."

అన్నాడు. నవ్వారు.

"శనివారం చౌరస్తాలో ఆరుబయట సినిమా. కుర్చీ, దుప్పటి, పక్కవాడి తల అడ్డొస్తే ఓపిక, ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి."

అన్నాడు. నవ్వారు.

ఆమె ఊపిరి పీల్చుకుంది. వాక్యం మధ్యలో ఎవరో లేచి చప్పట్లు కొడతారేమో అన్న పాత భయం వీపు మీద పాకింది.

"రేపు సాయంత్రం అయిదింటికి, నది ఒడ్డు పార్కు చిన్న వేదిక మీద, కథల సాయంత్రం. వసంతమంతా, రోజూ. నడిపేది..."

అని తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. ఈ ఇంటిది కాదు, పుట్టింటిది. అది ఆమె నోటితో ఆమె పలికి ఎంతకాలమైందో. ఈ ఇంట్లో ఆమె 'ఏమే', 'అమ్మాయ్', 'మా ఆవిడ'. ఆ పేరు పెళ్లి రోజున ఒకసారి పైకి చదివారు. పక్కన కూర్చుని ఆయనా విన్నాడు. ఇప్పుడు ఆమె ఆయన చెవిలో ఒక్కో అక్షరం విడివిడిగా, మెల్లిగా పలికింది. తెర సందుకి కళ్లు ఆనించి ఆయన ముఖం చూస్తూ పలికింది. అక్కడ తడబడతాడని, ఒక్క క్షణం నోరు ఆగుతుందని, తెర వైపు తిరుగుతాడని. తిరగాలని. ఆ ఫోను సంగతి కూడా క్షమించేసేది, ఆ ఒక్క క్షణం తడబడితే.

తడబడలేదు. మారాజు ఆ పేరుని ఎత్తి, సాగదీసి, చివరి అక్షరం మీద గొంతు మోగించి, హాలు నాలుగు మూలలకీ విసిరాడు. పైగా తన సొంత మాట ఒకటి తగిలించాడు కూడా. "ఎవరోగానీ, పేరు వింటుంటేనే కథ విన్నట్టుంది! గట్టిగా చప్పట్లు!"

హాలు చప్పట్లతో మోగింది. ముందు వరసలో మేనేజరు గబుక్కున తలెత్తింది. ఫోను చేతిలోనే ఉంది. స్టేజీ మీద నీలం కోటుని చూసింది, పక్క తెరని చూసింది. చూసి, ఫోను కోటు జేబులో పడేసుకుని, రెండు చేతులూ తల మీదికి ఎత్తి చప్పట్లు కొట్టింది, తెర వైపు తిరిగి.

దీపాలు వెలిగాయి. విరామం.

మారాజు చెమటలు కారుతూ తెర వెనక్కి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె నీళ్ల సీసా అందించింది.

"బాగా పోయింది కదూ? ఆ పెట్టె జోకు మాత్రం ముందే చెప్పాల్సింది, మెడ పట్టేసింది," అన్నాడు. "రేపు కూడా ఇక్కడే, అయిదింటికే. బయటి ఊళ్లనుంచి బోలెడుమంది వస్తున్నారట, పేర్లన్నీ రాత్రికి ఓసారి చూసుకో." మూత తిప్పుతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అన్నట్టు, రేపు ఆ కథల దగ్గర ఎవర్నో కొత్తావిడని వేసినట్టున్నారే? బానే పట్టేశారు. ఎవరావిడ, నీకు తెలుసా?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆ ముఖంలో దొంగతనం లేదు, వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"నాకూ సరిగ్గా పరిచయం లేదండీ," అంది. "రేపు అయిదింటికి వెళ్లి కలుస్తున్నా."

"ఆఁ ఆఁ, వెళ్లు," అన్నాడాయన, సీసా ఎత్తి గటగటా తాగుతూ.